విద్యార్థి జీవితము – చిన్న సౌఖ్యములు

విద్యాభ్యాసము తపస్సు వంటిదని పెద్దలు చెప్పుదురు. తపస్సనగానే ఆకులలములు భుజించుచు, కటికనేలపై శయనించుచు, సమస్త సుఖములను త్యజించిన మునుల రూపము కన్నులయెదుట నిలుచును. సుఖము కోరువానికి విద్య అబ్బదను మాటయు తరతరములుగా వినబడుచున్నది. ఈ మాటలలో సత్యము లేకపోలేదు. పగలెల్ల నిద్రించి, రాత్రియెల్ల వినోదములలో గడపువానికి చదువు రాదు. కాని సోమరితనము వేరు, సౌఖ్యము వేరు. దుక్కిటెడ్లను సైతము రైతు మధ్యాహ్నమున కాడి విప్పి చెట్టునీడకు తోలును. కుడితి త్రాగించి, వీపు నిమురును. అది ఎడ్లపై జాలిచేత మాత్రమే కాదు. సాయంకాలపు సాలు చక్కగా సాగుటకును. చదువను నాగలిని మోయు విద్యార్థికి సైతము అట్టి చెట్టునీడలు కొన్ని కావలెను.

మనుష్యుడు కోరు వస్తువులను మూడు తెగలుగా విభజింపవచ్చును. మొదటివి అవసరములు. అన్నము, వస్త్రము, పుస్తకము, పలక, పడుకొనుటకింత చోటు – ఇవి లేనిదే చదువు సాగదు. రెండవవి ఆడంబరములు. ఇవి తనకొరకు గాక, ఇతరులు చూచుటకొరకు కొనునవి. మూడవవి ఈ రెంటికిని నడుమ నుండు చిన్న సౌఖ్యములు. ఇవి లేకపోయినను దినము గడచును. ఉన్నచో ఆ దినము రుచించును. పప్పులో తిరగమోత లేకపోయినను ఆకలి తీరును. కాని తిరగమోత వాసన తగిలినపుడు తినువాని ముఖము వికసించును. చిన్న సౌఖ్యముల ప్రయోజనమును అట్టిదే.

పూర్వకాలపు విద్యార్థులు మిక్కిలి కష్టముల కోర్చి చదివిరి. ఊరుగాని ఊరు పోయి, వారమునందలి ఏడు దినములకు ఏడు గృహములలో భోజనము కుదుర్చుకొని చదువుటను ‘వారములు చేసికొనుట’ యనెడివారు. సోమవారమునాటి యింటిలో పెరుగు దొరకిన, మంగళవారమునాటి యింటిలో మజ్జిగయే దొరకవచ్చును. వీధి దీపముక్రింద కూర్చుండి పాఠములు వల్లించినవారును కలరు. అట్టివారి జీవితములను చదువునపుడు కష్టములే కన్నులకు కట్టును. కాని జాగ్రత్తగా చూచినచో ఆ కష్టముల నడుమ వారిని నిలిపిన చిన్న ఆనందములును కనిపించును.

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు బాల్యమే ఇందులకు నిదర్శనము. ఆయన 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమునందలి వినోదరాయునిపాలెమున జన్మించెను. పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గోపాలకృష్ణయ్య గతించెను. తల్లి సుబ్బమ్మ బిడ్డలతో ఒంగోలు చేరి, పూటకూళ్ల యిల్లు నడపి వారిని పోషించెను. ఒకమారు పరీక్షకు మూడు రూపాయల రుసుము కట్టవలసి రాగా, ఆ తల్లి తన పట్టుబట్టను తాకట్టుపెట్టి ఆ సొమ్ము తెచ్చి యిచ్చెను. అంతటి పేదరికములో పెరిగిన ఆ బాలునకు నాటకములనిన ప్రాణము. చక్కని రూపము, మంచి కంఠము కలవాడగుటచే స్త్రీపాత్రలు సైతము ధరించి మెప్పు పొందెను. ఆయనలోని చురుకుదనమును గుర్తించిన ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు, తాను రాజమహేంద్రవరమునకు వెళ్లునపుడు ఈ శిష్యుని వెంట గొనిపోయి చదివించెను. ఆటపాటలు మితిమీరిన దినములును పంతులు బాల్యములో లేకపోలేదు. ‘నా జీవిత యాత్ర’ యను స్వీయచరిత్రలో ఆయన వానిని దాచక వ్రాసికొనెను. అయినను ఆ నాటకశాల ఆయనకు పేదరికమును మరపించెను. సభలో వెరపులేక నిలుచుట నేర్పెను. ఆ బాలుడే పెరిగి న్యాయవాదియై, దేశసేవకుడై, 1953 అక్టోబరు 1వ తేదీన ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి యయ్యెను. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టబడినది.

ఆ ప్రకాశము జిల్లాలో, ఒంగోలునకు దక్షిణమున, సముద్రతీరమునకు చేరువగా సింగరాయకొండ యున్నది. సింగరాయడనగా నరసింహస్వామి. కొండపై వెలసిన ఆ స్వామి పేరే ఊరికిని వచ్చినది. మద్రాసు, విజయవాడల నడుమ సాగు రైలుమార్గమును, 16వ జాతీయ రహదారియు ఈ ఊరిమీదుగానే పోవుచున్నవి. కందుకూరు దిక్కునుండి రైలెక్కవలసినవారికి ఇదియే దారి. తూర్పున పాకల గ్రామమున బంగాళాఖాతపు తీరము. ఇసుకనేలలలో సరుగుడు తోటలు. పడమట పొగాకు, సెనగ, మిరప పండు పొలములు. ఇట్టి ఊరిలో చదువుకొను బాలబాలికలలో అధికసంఖ్యాకులు రైతుల బిడ్డలు, కూలీల బిడ్డలు, బెస్తవారి బిడ్డలు, చిన్న వర్తకుల బిడ్డలు. వీరికి గొప్ప విలాసములు అందుబాటులో లేవు. అవి అవసరమును కావు. కాని కన్ను తెరచి చూచినచో చిన్న సౌఖ్యములకు ఇచ్చట లోటు లేదు.

వానిలో మొదట చెప్పదగినవి వెలలేని సౌఖ్యములు. పాకల తీరమున సాయంకాలము వీచు గాలికి రుసుము లేదు. ఎండకాలమున పగలు నేల త్వరగా కాగును. నీరట్లు త్వరగా కాగదు. సమానమైన తూకముగల ఇసుకను, నీటిని ఒకే వేడికి తెచ్చుటకు నీటికి సుమారు అయిదు రెట్లు వేడిమి కావలెను. కావున నేలపై గాలి వేడెక్కి పైకి లేచును. ఆ చోటికి సముద్రముమీది చల్లనిగాలి ప్రవేశించును. ఇదియే సముద్రపు గాలి. రాత్రి నేల త్వరగా చల్లారుటచే గాలి నేలనుండి సముద్రమువైపు మరలును. బడి విడిచిన పిమ్మట తీరమున కొంతసేపు నడచిన బాలుడు ఒళ్లెల్ల తేలికపడి ఇల్లు చేరును. భూగోళ పాఠములో చదివిన మాట తన చెంపకు తగిలినపుడు అది మరచిపోదు. అయితే అలలు చూచుటకే గాని, పెద్దలు తోడులేక నీటిలో దిగుటకు కాదని గుర్తుంచుకొనవలెను. ఆ యలల వెనుకటి ఈడ్పు ఈతగాండ్రకు సైతము లొంగదు.

కొండయెక్కి నాలుగు దిక్కులు చూచుటయు అట్టిదే. క్రింద నల్లని గీతవలె రహదారి, దానిపై చీమలవలె లారీలు, దూరమున నీలపుటంచువలె సముద్రము. గదిలో కూర్చుండి నాలుగు గంటలు లెక్కలు చేసిన కంటికి ఆ దూరపు చూపు విశ్రాంతి నిచ్చును. చేరువనున్న అక్షరములను చూచునపుడు కంటిలోని కండరములు బిగిసియుండును. దూరమునకు చూచినపుడు అవి సడలును. ఈ సుఖమునకు కావలసినది రూపాయి కాదు, అరగంట కాలము.

ఇక రెండవ తెగ, చేతితో చేసికొను సౌఖ్యములు. వీనిలో మంచినీటి కుండ ముఖ్యమైనది. వసతిగృహములో నలుగురు పిల్లలు కలసి ఒక మట్టికుండ కొని, దానిక్రింద తడి ఇసుక పోసి, గాలి తగులు కిటికీయొద్ద నిలిపినచో వేసవియంతయు చల్లని నీరు లభించును. కుండగోడలోని సన్నని రంధ్రములగుండ నీరు పైకి చెమర్చి ఆవిరియగును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు 500 కేలరీలకు మించిన వేడిమి కావలెను. ఆ వేడిమిని అది కుండలోని నీటినుండియే లాగుకొనును. అందుచే లోపలి నీరు చల్లబడును. సముద్రపు తేమ గాలిలో నిండియున్న దినములలో ఆవిరి తక్కువగుటచే చల్లదనమును తగ్గును. మూడు దినముల కొకమారు కుండను కడిగి, మూత పెట్టి, గరిటెతో నీరు తీసికొనవలెను. ఇంతటి శ్రమకు ఫలము, ఎండలో నడచివచ్చిన మిత్రునకు ఒక గ్లాసు చల్లని నీరీయగలుగుట.

బొంతయు అట్టిదే. పాతచీరలను పొరలుగా పరచి, అమ్మమ్మలు, నాయనమ్మలు వరుసకుట్టు వేసి బొంతలు కుట్టుదురు. వసతిగృహమునకు బయలుదేరు పిల్లల పెట్టెలో అట్టి బొంత యొకటి తప్పక యుండెడిది. దుకాణమున దొరకు రంగుల కంబళ్లకు ఆ మెత్తదనము రాదు. ఏలయన ఆ చీరలు ఏండ్ల తరబడి ఉతుకులు తిని మెత్తబడినవి. దానిని వారమున కొకమారు ఎండలో వేసినచో లోపలి తేమ పోయి, కప్పుకొన్న రాత్రి వెచ్చగా నుండును. ప్రత్తి దిండును సైతము ఎండలో దులిపి ఆరవేయవలెను. ఉండలు కట్టిన ప్రత్తి విడి మరల పొంగును. పగిలిన కుండపెంకులో నాటిన మల్లెయంటు, అట్టవేసిన పుస్తకము, చక్కగా సర్దిన బల్ల – ఇవన్నియు ఖర్చులేని ముచ్చటలే. పుస్తకమునకు అట్ట వేయుట దాని ఆయువు పెంచుటయే కాక, తీయగానే చేతికింపు కలిగించును.

తినుబండారములలో వేరుసెనగ ఉండకు సాటి లేదు. వేరుసెనగ గింజలను దోరగా వేయించి, పొట్టు చెరిగి, బద్దలు చేయుదురు. బెల్లమును కొద్ది నీటితో కరగించి, వడగట్టి, పాకము పట్టుదురు. పాకపు చుక్కను చల్లని నీటిలో వేసి చూచినపుడు అది కరగిపోక గట్టి ఉండగా నిలిచినచో పాకము కుదిరినదని అర్థము. అప్పుడు గింజలు కలిపి, చేతికి నేయి రాచుకొని, వేడి ఆరకమునుపే ఉండలు చుట్టవలెను. ఆలస్యమైనచో పాకము గిన్నెనంటుకొని రాదు. నూరు గ్రాముల వేరుసెనగలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు కలవు. అందుచేతనే 2020లో ఆంధ్రప్రదేశ్ పాఠశాలల మధ్యాహ్నభోజనమున గ్రుడ్డుతోపాటు వేరుసెనగ చిక్కియు చేర్చబడినది. ఆదివారమున ఇంట చేసిన పది ఉండలు డబ్బాలో నున్నచో, వారమంతయు సాయంకాలపు చదువునకు తోడుండును. సింగరాయకొండకు దక్షిణముననున్న ఉలవపాడు మామిడికి పేరు పొందినది. వేసవిలో రహదారి ప్రక్క రాసులు పోసి అమ్ము ఆ పండ్లలో ఒకదానిని నలుగురు ముక్కలుగా కోసికొని తినుటలో గల రుచి, ఒక్కడే నాలుగు పండ్లు తినుటలో లేదు.

మూడవ తెగ, కొద్దిపాటి ధనముతో కొనదగినవి. వీనిని కొనునపుడు ఒక ప్రశ్న వేసికొనవలెను: “ఇది దినమునకు ఎన్నిసార్లు ఉపయోగపడును?” ఆ ప్రశ్నకు నిలిచిన వస్తువులలో మంచి దీపమొకటి. విద్యుచ్ఛక్తి రాని కాలమున పిల్లలు సాయంకాలము లాంతరు చిమ్నీని ముగ్గుతోనో బూడిదతోనో తుడిచి, వత్తి కత్తిరించి, దాని చుట్టు చాపపై కూర్చుండి చదివెడివారు. ఆ వెలుతురు నలుగురికి పంచబడుటచే అందరికిని అరకొరయే. నేడు 60 వాట్ల పాత గుండ్రని బల్బు ఇచ్చిన వెలుతురును సుమారు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము ఈయగలదు. దినమునకు నాలుగు గంటల చొప్పున ముప్పది దినములు వెలిగించినచో పాత బల్బునకు 7 యూనిట్లకు మించిన విద్యుత్తు ఖర్చగును, ఎల్.ఇ.డి. దీపమునకు ఒక యూనిటు కంటె కొంచెమే ఎక్కువ. కావున ఈ సౌఖ్యము కొన్ననాడు ఖర్చైనను, తరువాత ప్రతిమాసము ఇంటికి ఆదాయమే. వ్రాయునపుడు కుడిచేతివారికి ఎడమవైపునుండి వెలుతురు వచ్చునట్లు దీపమును ఉంచినచో వ్రాతపై చేతినీడ పడదు.

కలము మరియొకటి. విద్యార్థి చేతిలో పుస్తకము తరువాత ఎక్కువకాలము నిలుచునది కలమే. సిరాకలముయొక్క పాళీలో నున్న సన్నని చీలికగుండ సిరా మెల్లగా దిగి కాగితము చేరును. దిగిన సిరాకు బదులు గాలి లోనికి పోవుచుండును. ఈ రాకపోకలు సరిగా కుదిరినపుడే వ్రాత తడబడక సాగును. ఇట్టి కలమును ఒకప్పుడు విదేశములనుండియే తెప్పించుకొనెడివారు. రాజమహేంద్రవరమున కోసూరి వెంకటరత్నము, గాంధీమహాత్ముని స్వదేశీ ప్రబోధముచే ప్రేరితుడై, ఎబొనైటును చేతితో తరచి కలములు తయారుచేసెను. గంధకముతో కలిపి కాచి గట్టిపరచిన రబ్బరే ఎబొనైటు. ఆయన పంపిన కలము చక్కగా పనిచేయుచున్నదని గాంధీజీ 1935లో లేఖ వ్రాసెను. రత్నం పెన్నుల పేరు నాటినుండి దేశమంతట వ్యాపించినది. అంతటి కలము ప్రతి విద్యార్థియు కొననక్కరలేదు. కొన్నది ఎంత చవుకదైనను ఒకటే యుండి, మూత పోక, వారమున కొకమారు నీటితో కడుగబడుచు, సంవత్సరమంతయు చేతికి అలవాటుపడవలెను. అలవాటుపడిన కలము చేతివ్రాతను కుదుర్చును. కుదిరిన చేతివ్రాత వ్రాయువానికి ఆనందమును, దిద్దువానికి ఉపశమనమును కలిగించును.

ఒకరికి కొనుటకు శక్తిలేని సౌఖ్యములు పదిమంది కలసినచో సులభములగును. నాలుగవ తెగ ఇదియే. సింగరాయకొండలో రైలెక్కి ఒంగోలుమీదుగా ఉత్తరమునకు పోయినచో, చీరాల చేరకముందు వేటపాలెము వచ్చును. అచ్చటి సారస్వత నికేతనము 1918లో స్థాపింపబడినది. 1929లో గాంధీజీ అచ్చటికి వచ్చి కొత్త భవనమునకు శంకుస్థాపన చేసెను. దూరప్రాంతముల పరిశోధకులు సైతము పాత పత్రికల సంచికలు చూచుటకు ఆ పల్లెకు వచ్చుచుందురు. ఇది ఏ రాజును కట్టించినది కాదు. చదువుపై అభిమానము గల గ్రామస్థులు, దాతలు నిలిపినది. 1935లో పాతూరి నాగభూషణము పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవలో గ్రంథాలయమును నడపెను. గట్టుననున్న గ్రామస్థులకు పుస్తకము నీటిమీద నడచివచ్చెడిది. నాడు గ్రంథములు కొనలేని కూలివాడును వానిని చదివి ఆనందించెను. చదువరి యొక్కడు ఒక గ్రంథము కొనిన అతనికి ఒక గ్రంథమే. ఇరువదిమంది తలకొకటి కొని మార్చుకొనినచో ప్రతివానికి ఇరువది గ్రంథములు. ఈ లెక్క తెలిసిన తరగతికి సెలవులలో విసుగన్నది యుండదు.

రేడియో విషయమును ఇట్టిదే. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన పిమ్మట, ఇంట రేడియో లేని పిల్లలు పంచాయతి అరుగుపైనో, పొరుగింటి వసారాలోనో గుమిగూడి పాటలు, నాటకములు వినెడివారు. పెట్టె ఒక్కటే, వినువారు ముప్పదిమంది. వినినదానినిగూర్చి మరునాడు బడిలో జరుగు ముచ్చట వినుటకంటెను ఎక్కువ ఆనందకరము.

సౌఖ్యములనుగూర్చి ఇంత చెప్పిన పిమ్మట వాని ఆపదనుగూర్చియు చెప్పవలెను. ఈ ప్రాంతపు కుటుంబములలో ఆదాయము నెలనెల రాదు. పొగాకు రైతునకు వేలము జరిగిననాడే సొమ్ము కనబడును. మిరప రైతు కాయ కోసి, కల్లములో ఆరబెట్టి, గుంటూరు చేర్చి అమ్మిన పిదపనే చేతిలో నాలుగు రూపాయలు చూచును. ధర పడిపోయిననాడు కోతకూలియు గిట్టదు. పాకల తీరపు బెస్తవారి సంగతి మరియు విచారింపదగినది. చేపలు గ్రుడ్లుపెట్టి పెరుగుటకు వీలుగా తూర్పుతీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీనుండి జూన్ 14వ తేదీవరకు, 61 దినములు, మరపడవలతో వేట నిషిద్ధము. బడులు తెరచునది జూన్ రెండవ వారములో. అనగా రెండు మాసములు వేటలేక, ఇంటనున్న గింజలన్నియు అయిపోయిన వేళకే సంచులు, పుస్తకములు, చెప్పులు కొనవలసియుండును. ఆ సమయమున “నా మిత్రునకున్నట్టి సంచియే నాకును కావలెన”ని పట్టుబట్టు బిడ్డ, తండ్రిని అప్పులవానియొద్దకు పంపుచున్నాడు. బిడ్డ ముఖము చిన్నబోవుట చూడలేక తండ్రి కాదనడు. ఆ సంచి ఒక సంవత్సరములో చినిగిపోవును. ఆ యప్పు వడ్డీతో పెరుగుచునే యుండును.

నేడు సెల్‌ఫోను ఇట్టి ఆపదలలో ముందు నిలిచినది. అది ఒకచోట పాఠములు వినిపించు ఉపాధ్యాయుడు. మరియొకచోట గంటలను మింగు రాక్షసి. చల్లని నీరు త్రాగినచో దాహము తీరును. తీరిన పిమ్మట కుండయొద్దనుండి లేచి పోవుదురు. కాని ఫోనులోని ఆటలు ఆడినకొలది ఆడవలెననిపించునట్లు నిర్మింపబడినవి. తృప్తినిచ్చి విడిచిపెట్టునది సౌఖ్యము. తృప్తి నీయక పట్టుకొనునది వ్యసనము. ఈ రెంటి భేదమును తెలిసికొనుటకు వేరొకరి నడుగ నక్కరలేదు. వారము దినములు ఆ వస్తువు లేక గడపి చూచినచో చాలును. లేనపుడు కొంచెము వెలితిగా నుండి, పని మాత్రము సాగినచో అది సౌఖ్యమే. పని సాగక, చిరాకు పుట్టి, అబద్ధమాడియైనను దానిని పొందవలెననిపించినచో అది యజమానియై కూర్చున్నదని తెలిసికొనవలెను.

కావున విద్యార్థి తన సౌఖ్యములకు మూడు హద్దులు ఏర్పరచుకొనుట మంచిది. మొదటిది, అప్పుచేసి ఏ సౌఖ్యమును కొనరాదు. చేతిఖర్చునకై వారమునకు ఇరువది రూపాయలు పొందు బాలుడు, అందు అయిదు రూపాయలు మిగిల్చినచో, నలువది వారముల విద్యాసంవత్సరము ముగియునప్పటికి రెండువందల రూపాయలగును. ఆ సొమ్ముతో కొన్న వస్తువు నలువది వారములు ఎదురుచూచి పొందినది, కాబట్టి పోగొట్టుకొనడు. రెండవది, ప్రక్కవానిని చిన్నబుచ్చు సౌఖ్యము పనికిరాదు. పదిమందిలో తానొక్కడే తినుబండారము తెరచి తినుటకంటె తినకుండుట మేలు. పంచిననాడు అర్ధమే మిగిలినను ఆనందము రెట్టింపగును. మూడవది, చదువు సౌఖ్యమును మోయరాదు. సౌఖ్యమే చదువును మోయవలెను. లెక్క పూర్తియైన పిమ్మట తినిన వేరుసెనగ ఉండ బహుమానము; లెక్క మాని తినినది ఎగవేత. ఉండ ఒకటే, రుచి వేరు.

పెద్దలును గ్రహింపవలసిన దొకటి కలదు. పేదవాని బిడ్డకు అవసరములు మాత్రమే చాలునని, ముచ్చటలు ధనికుల సొత్తని తలచుట న్యాయము కాదు. చదువు మానివేయు పిల్లలందరు చదువు కష్టమగుటచేతనే మానరు. బడిలో తమకింపైన దేదియు లేకపోవుటచేతను కొందరు మానుదురు. ఒక మంచి కథలపుస్తకము, ఒక బంతి, నాటకములో ఒక చిన్న పాత్ర, గురువు నోటినుండి వచ్చిన ఒక మెచ్చుకోలు – వీనిలో ఏదియో ఒకటి ఆ బిడ్డను మరునాడు సైతము బడివైపు నడిపించును. పట్టుబట్ట తాకట్టుపెట్టి రుసుము కట్టిన తల్లి, కుమారుని నాటకములాడనీయకుండ ఇంట కట్టివేయలేదు.

చిన్న సౌఖ్యములు విద్యార్థికి నేర్పు పాఠము చిన్నది కాదు. ఉన్నదానిలో రుచి వెదకుట, వేచి పొందుట, పొందినది పంచుట, చాలునన్నచోట ఆగుట – ఈ నాలుగును ఎనిమిదవ తరగతిలో అలవడినచో, పెద్దవాడై లక్షలు ఆర్జించిననాడును అతడు ధనమునకు దాసుడు కాడు. ఆర్జింపలేకపోయిననాడును దీనుడు కాడు. చల్లని నీటికుండ, శుభ్రమైన దీపము, చేతికలవాటైన కలము, చెలికానితో మార్చుకొన్న పుస్తకము, సాయంకాలపు సముద్రపు గాలి – ఇన్నియు గలవాడు తాను పేదవాడనని చెప్పుకొనుటకు కొంచెము సంకోచింపవలసియే యుండును.

ప్రశ్నలు

1. అవసరము, ఆడంబరము, సౌఖ్యము – ఈ మూటికి గల భేదములను ఉదాహరణములతో వ్రాయుము.
2. ప్రకాశం పంతులు బాల్యమునుండి విద్యార్థులు గ్రహింపవలసిన దేమి?
3. మట్టికుండలోని నీరు ఏల చల్లబడును? సముద్రపు గాలి ఎట్లు పుట్టును?
4. సౌఖ్యమునకును వ్యసనమునకును గల భేదమును తెలిసికొనుట ఎట్లు?
5. వేట నిషేధకాలమునకును, బడులు తెరచు కాలమునకును గల సంబంధమును వివరించి, అప్పుడు విద్యార్థి మెలగవలసిన తీరును వ్రాయుము.
6. ఖర్చులేక మీ తరగతి యంతయు కలసి పొందదగిన సౌఖ్య మొకదానిని ఆలోచించి, దానిని అమలుపరచు విధమును పది వాక్యములలో వ్రాయుము.